నీలం తిరగని చెయ్యి

ఫిల్టరు 1

జ్వరం లేదు. దగ్గు లేదు. ఆకలి మామూలుగానే ఉంది. కుళ్ళు మాత్రం బాగా ఉంది, కానీ అది రాయడానికి ఇందులో చోటివ్వలేదు కాబట్టి కింద రాస్తున్నాను.

మాస్కులో ఫిల్టరు మార్చిన ప్రతిసారీ ఒంట్లో ఎలా ఉందో నాలుగు ముక్కలు రాసి పంపాలని ఆరోగ్యకేంద్రం వాళ్ళ నియమం. బూస్టర్ పట్టని వాళ్ళందరికీ ఈ శిక్ష ఉంది. రాసింది ఎవరూ చదవరని అందరికీ తెలుసు. మా వీధి చివర ఉండే పట్టని ముసలాయన ప్రతిసారీ తన కోడలి వంటను తిడుతూ రాస్తాడట, ఇంతవరకూ ఒక్కరూ అడగలేదట. ఆయనకి కోడలైతే నాకు నా కూతురు జలజ వాళ్ళ రూత్ టీచర్.

నా పేరు సత్యవేణి. కాకినాడ లాంచీల రేవులో అనౌన్సర్ని. ఉప్పాడ రోడ్డును సముద్రం మింగేశాక అటువైపు ఊళ్ళకి లాంచీలే బస్సులయ్యాయి. ఏ లాంచీ ఎక్కడికి పోతుందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పేది నేనే. ఈ ఊళ్ళో నా గొంతు తెలియని మనిషి లేడు. నా ముఖం ఎలా ఉంటుందో నా మొగుడు కూడా సగం మరిచిపోయి ఉంటాడు.

బూస్టర్ వేసినప్పుడు ఎడమ మణికట్టు మీద ఓ తెల్లటి బిళ్ళ అంటిస్తారు. మందు ఒంటికి పడితే బిళ్ళ నీలం తిరుగుతుంది. నీలం వాళ్ళకి గాలిజ్వరం అంటుకున్నా జలుబులా వచ్చి పోతుంది. అందుకే నీలం వాళ్ళు ఒకరి ముందు ఒకరు హాయిగా మాస్కు విప్పుకుంటారు. నాకు మాత్రం జలజ కడుపున పడ్డప్పటి నుంచీ బిళ్ళ నీలం తిరగలేదు. ప్రతి రుతువుకీ కొత్త బూస్టర్ రావడం, నేను లైన్లో నిలబడడం, బిళ్ళ బియ్యం కడిగిన నీళ్ళ రంగులోనే ఉండిపోవడం. నాలాంటి వాళ్ళకి ఆ జ్వరం అంటుకుంటే మనిషి దక్కదు. కాబట్టి ఇంట్లో, కన్నకూతురి ముందు కూడా, ముక్కూ నోరూ కట్టేసుకునే తిరుగుతాను.

ఇన్నాళ్ళూ నాకంత బాధ లేదు. పిల్లలకి బూస్టర్ వేసేది ఆరో ఏట. అప్పటిదాకా వాళ్ళు అందరి ముందూ మాస్కుతోనే ఉంటారు, తెర మంచంలో పడుకుంటారు. జలజకి నా ముఖం ఎంత కరువో వాళ్ళ నాన్న ముఖమూ అంతే కరువు. మొన్న దానికి బూస్టర్ వేశారు. నాలుగు రోజులకే బిళ్ళ నెమలి మెడలా నీలం తిరిగింది. వీధంతా లడ్డూలు పంచాం. ఇవాళ ఒకటో తరగతిలో చేర్చాను.

బడిలో చిన్నపిల్లల తరగతిని విప్పుగది అంటారు. గాలితలుపు దాటి లోపలికి వెళ్ళాక టీచరూ పిల్లలూ మాస్కులు తీసేస్తారు. నాకు లోపలికి ప్రవేశం లేదు. గాజు కిటికీ లోంచి చూశాను. టీచర్ వీపు నావైపు ఉంది. ఆవిడ తన మాస్కు విప్పి, వంగి జలజ మాస్కు కొక్కెం తీసింది. నా కూతురు నోరు తెరుచుకుని ఆవిడ ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. గాజు అడ్డం లేకుండా అది ఒక ఆడమనిషి ముఖం చూడడం అదే మొదటిసారి. ఆ చూపు నాది. నాకు రావలసింది. ఇంటికొచ్చేదాకా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఫిల్టరు 2

జ్వరం లేదు. దగ్గు లేదు.

పుట్టిన దగ్గర్నుంచి మాస్కుల మధ్య పెరిగిన పిల్లలకి పెదవుల కదలిక తెలియదు. అక్షరాలు సగం ముక్కులో, సగం గొంతులో పలుకుతారు. దానికి బడిలో బుగ్గల పాఠం పెట్టారు. టీచర్ కింద కూర్చుంటుంది. పిల్ల ఎదురుగా నిలబడి రెండు అరచేతులూ ఆవిడ బుగ్గల మీద ఆనిస్తుంది. ఆవిడ ఒక్కో మాటా పలుకుతుంటే బుగ్గ ఎక్కడ ఉబ్బిందో, దవడ ఎటు కదిలిందో చేత్తో పట్టుకుని పిల్ల తిరిగి పలకాలి. బాగా కుదిరితే ఆవిడ ఆ చేతులు తీసి ముద్దు పెట్టుకుంటుందట. ఇది జలజ నాకు చెబుతూ తన అరచేతులు చూపించింది, అక్కడేదో బంగారం అంటుకున్నట్టు.

ఇంటి దగ్గర కూడా అభ్యాసం చెయ్యమన్నారని నా ముందుకొచ్చి నిలబడింది. మాస్కు మీద చేతులు వేసింది. నేను ‘కళ్ళు, ముళ్ళు, నీళ్ళు’ అని రేవులో మైకు ముందు కూడా పలకనంత స్పష్టంగా పలికాను. అది కాసేపు వేళ్ళతో వెతికి, “ఇక్కడేమీ కదలట్లేదమ్మా” అని వాళ్ళ నాన్న దగ్గరికి పోయింది.

నా మొగుడు నూకరాజు లాంచీ నడిపే సరంగు. వాడికి ప్రతి బూస్టరూ మొదటి రోజే పడుతుంది, ఉప్పుగాలి తాగిన ఒళ్ళు మరి. ఇప్పుడు తండ్రీ కూతుళ్ళిద్దరూ ముందుగదిలో మాస్కులు తీసి కలిసి భోంచేస్తారు. నేను వంటింట్లో తలుపేసుకుని తింటాను. తలుపు అవతల ఇద్దరూ ఒకళ్ళ బుగ్గలు ఒకళ్ళు నొక్కుకుంటూ పడీ పడీ నవ్వుతున్నారు. మర్నాడు పులుసులో ఉప్పు ఎక్కువైందని ఇద్దరూ ఒకేసారి అన్నారు. నేను కావాలని వెయ్యలేదు. వేసినా ఒప్పుకోను.

ఫిల్టరు 3

జ్వరం లేదు. దగ్గు రెండు సార్లు వచ్చింది, పోపు ఘాటుకి.

జలజ నవ్వు మారింది. ఇదివరకు కళ్ళతో నవ్వేది, కళ్ళు రెండూ గీతలయ్యేవి. ఇప్పుడు పెదవి ఎడమపక్కకి లాగి నవ్వుతోంది. బాల్కనీ గాజు తలుపు లోంచి చూసి కనిపెట్టాను. మా వంశంలో అలా నవ్వే వాళ్ళెవరూ లేరు. వాళ్ళ వంశంలోనూ లేరు, పెళ్ళి వీడియో పెట్టుకుని చూశాను.

బడిలో తల్లిదండ్రుల సమావేశం అయింది. విప్పుగదిలోనే పెట్టారు కాబట్టి నూకరాజు ఒక్కడే వెళ్ళాడు. వచ్చాక కంచం ముందు కూర్చోనివ్వకుండా పట్టుకున్నాను. ఆవిడ ముఖం ఎలా ఉంటుందని అడిగాను. మాస్కు పైన కళ్ళు నేనూ చూశాను, మామూలు కళ్ళే. కింద ఏముందో తెలియక ఇన్నాళ్ళూ రోజుకో మూతి అతికించి చూసుకుంటున్నాను. ఒకరోజు చక్కటి మూతి, ఒకరోజు ఎత్తుపళ్ళు. ఎత్తుపళ్ళ రోజున నాకు బాగా నిద్ర పట్టేది.

“ఆవిడకేంటే, బాగానే ఉంటారు. నవ్వితే మూతి ఓ పక్కకి ఒరుగుద్ది” అన్నాడు నూకరాజు.

ఏ పక్కకి అన్నాను. ఎడమపక్కకి అన్నాడు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. కడిగినవే మళ్ళీ కడిగాను. ఆ చప్పుడికి వాడు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

“నీకు పట్టకపోతే ఆవిడేం చేత్తారే? పిల్లకి మాట వత్తంది కదా, ఆవిడ మీద పడి ఏడుత్తావేంటి?”

వాడన్నది నిజమే. నిజమని తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా? పైగా నీ ముఖం ఎలా ఉంటుందో ఒకసారి చూపించు అని ఆ మనిషి అడిగి ఎన్నేళ్ళయింది?

ఫిల్టరు 4

జ్వరం లేదు. దగ్గు లేదు. ఆకలి లేదు.

మా ఇంట్లో ఆదివారం పూట ఒక అలవాటుంది. పిట్టగోడ వైపు బాల్కనీకి గాజు తలుపు బిగించుకున్నాం. నేను బాల్కనీలోకి పోయి తలుపు మూసుకుని మాస్కు తీసేస్తాను. జలజ లోపలి వైపు కూర్చుంటుంది. ఇద్దరం గాజుకి ముఖాలు ఆనించి వెక్కిరించుకుంటాం, కబుర్లు చెప్పుకుంటాం. అది నా బుగ్గకి ఎదురుగా గాజు మీద ముద్దు పెట్టేది. ఆ మరక తుడవకుండా వారమంతా ఉంచుకునేదాన్ని. వచ్చినవాళ్ళు ఇల్లు శుభ్రంగా లేదనుకుంటే అనుకోనీ అని.

ముఖం కనపడే మాస్కులు లేవా అంటే ఉన్నాయి. తెప్పించుకున్నాను కూడా. పెట్టుకున్న కాసేపటికే లోపలంతా ఆవిరి పట్టి ఇడ్లీపాత్ర మూతలా తయారైంది. అందులోంచి నన్ను చూసి జలజ దయ్యం అని ఏడ్చింది. ఫోనులో నా వీడియో చూపిస్తే ‘ఫోను అమ్మ’ అనేది, ఆవిడెవరో మా దూరపు చుట్టమైనట్టు. మాకు గాజు తలుపొక్కటే బాగుండేది.

ఈ ఆదివారం జలజ వచ్చి కూర్చుంది. రెండు అరచేతులూ గాజుకి ఆనించి నా బుగ్గలున్న చోట పెట్టింది. నేను ముఖం ఇంకా దగ్గరికి జరిపాను. కాసేపు అలాగే ఉంచి చేతులు తీసేసి, ఒళ్ళో పెట్టుకుని రుద్దుకుంది.

“రూత్ టీచర్ బుగ్గ వెచ్చగా ఉంటుందమ్మా. నీది చల్లగా ఉంది.”

గాజు చల్లగా ఉందే, నా బుగ్గ కాదు అని చెప్పాను. అరిచి చెప్పాను. దానికి అర్థమైందో లేదో తెలియదు. తలూపి, బొమ్మలు వేసుకోవాలని వెళ్ళిపోయింది. నేను అక్కడే కూర్చుని నా బుగ్గ నేను పట్టుకు చూసుకున్నాను. వెచ్చగానే ఉంది. ఎవరికి చెప్పను?

ఫిల్టరు 5

జ్వరం కొద్దిగా. బూస్టర్ వేయించుకున్నాను, దాని తాలూకుదే.

ఈ రుతువు మందు వేరే రకమట. ఇంతకాలం పట్టనివాళ్ళలో కూడా సగానికి సగం మందికి పడుతోందని రేవంతా చెప్పుకుంటున్నారు. నేను కూడా పొద్దున్నే పోయి లైన్లో నిలబడ్డాను.

లైన్లో ఆడవాళ్ళని చేతులు చూసి పోల్చుకోవచ్చు. నీలం వాళ్ళు ఎడమచేతికి గాజులు మానేశారు. బిళ్ళ అందరికీ కనపడాలి కదా. చీర సర్దుకున్నా, జుట్టు సర్దుకున్నా ఆ చేత్తోనే సర్దుకుంటారు. మాలాంటి వాళ్ళం మోచేతి దాకా గాజులు వేసుకుంటాం, బిళ్ళ కనపడకుండా. మా వీధిలో గాజులమ్మే ఆవిడ పట్టని వాళ్ళ మీదే బతుకుతోంది.

నా వెనకే ఎవరో వచ్చి నిలబడి “సత్యవేణి గారా?” అన్నారు. గొంతు పోల్చుకోలేదు, కళ్ళు పోల్చుకున్నాను. రూత్ టీచర్. గాజుల్లేని చెయ్యి. బిళ్ళ నీలం, నిగనిగలాడుతోంది. ఎదురుపడితే కడిగి పారెయ్యాలని ఎన్నో మాటలు పోగేసి పెట్టుకున్నాను. తీరా నమస్కారం పెట్టాను.

“ఈసారి మీకు తప్పకుండా పడుతుందండి. నేను రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను” అందావిడ. “జలజ క్లాసులో మీలాగే లాంచీలు పిలుస్తుందండి. ఆ లాంచీ వచ్చింది, ఈ లాంచీ వెళ్ళింది అంటూ. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి టికెట్ అడుగుతుంది.”

ఇంకొకరెవరైనా చెబితే పొంగిపోయేదాన్ని. ఆవిడ నోటి వెంట వస్తే మాత్రం, నా కూతురి సంగతి నాకు చెప్పడానికి నువ్వెవరు అనిపించింది. ఇంట్లో అది ఒక్కసారీ లాంచీలు పిలవలేదు. అంటే ఆ ఆట కూడా ఆవిడకే ఇచ్చేసిందన్నమాట. ప్రార్థన సంగతి సరే, ఆవిడ దేవుడి ముందు కూడా నా పేరు నాకన్నా ముందు తనే చెప్పేసుకుంటోంది. ఇంత మంచి మనిషిని ద్వేషించడం ఎంత కష్టమో, ఆ కష్టం పగవాళ్ళకి కూడా వద్దు.

ఫిల్టరు 6

జ్వరం లేదు. దగ్గు లేదు. బిళ్ళ సంగతి మీకే తెలుసు, మీరే చూసి పంపించారు.

రోజూ పొద్దున్న లేవగానే గాజులు పైకి తోసుకుని చూసుకున్నాను. ఎండలో చూశాను, దీపం కింద చూశాను. నూకరాజుని పిలిచి చూడమన్నాను. వాడు కళ్ళు చికిలించి, అంచున కాస్త నీలం కనపడుతోందన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వారం రోజులు బతికాను. ఆ వారం పులుసులో ఉప్పు సరిగ్గా ఉంది.

చివరికి ఆరోగ్యకేంద్రం నర్సు నా చెయ్యి యంత్రం కింద పెట్టి చూసింది. పట్టలేదమ్మా, వచ్చే రుతువుకి చూద్దాం అంది. ఆ మాట ఆమె ఎంత మెత్తగా చెప్పిందో, నా వెనకున్న ఆవిడకి పట్టిందని అంత ఉత్సాహంగా చెప్పింది. ఆ వెనకావిడ అక్కడికక్కడే గాజులు తీసి సంచిలో వేసుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఆ గాజులు లాక్కుని నేల మీద కొట్టాలనిపించింది.

దసరా సెలవులకి ముందు బడిలో బుగ్గల పూట చేస్తారు. విప్పుగదిలో వరసగా పీటలు వేస్తారు. వాటిని అమ్మపీటలంటారు. తల్లులందరూ మాస్కులు తీసి పీటల మీద కూర్చుంటే పిల్లలు వాళ్ళ బుగ్గల మీద చేతులు పెట్టి నేర్చుకున్న పాఠమంతా ఒప్పజెబుతారు. మొట్టమొదట పలికేది అమ్మ పేరు. మా ఊళ్ళో పెళ్ళి తర్వాత అంత వేడుక అదే. తల్లికి పట్టకపోతే తండ్రో, బామ్మో, ఎవరో ఒకరు ఆ పీట మీద కూర్చుంటారు. ఎవరన్నది పిల్లే చెప్పాలి.

జలజ ఎవర్ని చెప్పిందని నూకరాజుని అడిగాను. దాన్నే అడగమన్నాడు. జలజనే అడిగాను.

“టీచర్ కూర్చుంటారు. నువ్వు గాజు అవతల్నుంచి చూడు, సరేనా? దగ్గరికి రాకు” అంది.

దగ్గరికి రాకు. ఆరేళ్ళు మాస్కు వెనక నుంచి పాలిచ్చి, జోకొట్టి, ముక్కు తుడిచి పెంచిన కూతురు ఆ మాటంది. తండ్రి పేరు చెప్పినా సరిపెట్టుకునేదాన్ని. ఆవిడ వెళ్ళి నా పీట మీద కూర్చుంటుందట. నా కూతురు ఆవిడ బుగ్గలు పట్టుకుని, ఆవిడ ముఖంలోకి చూస్తూ సత్యవేణి అంటుందట. నేను గాజు అవతల నిలబడి చప్పట్లు కొట్టాలట.

కూర్చోనివ్వను. ఏమైనా సరే.

ఫిల్టరు 7

జ్వరం లేదు, దగ్గు లేదు. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

బడి యూనిఫాం తెల్లది కాబట్టి ప్రతి ఇంట్లోనూ నీలిమందు ఉంటుంది. బట్టలు జాడించేటప్పుడు రెండు చుక్కలు వేస్తాం. అది నీళ్ళలో కలపకుండా అలాగే బిళ్ళ మీద రాస్తే ఒక్క పూతకి లేత నీలం, మూడో పూతకి అచ్చం నూకరాజు బిళ్ళ. ఆరబెట్టుకుని, గాజులన్నీ తీసేసి, అద్దం ముందు చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆ చేత్తో జుట్టు సర్దుకున్నాను. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. నా చెయ్యి ఇంత అందంగా ఉంటుందని నాకే తెలియదు.

తర్వాత ఏమవుతుందో తెలియక కాదు. గదినిండా పిల్లలు, ఎవరి ఊపిరిలో ఏముందో చెప్పలేం. మాస్కు తీసేది కాసేపే కదా అనుకున్నాను. పాఠం ఎంతసేపు, నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల సేపు నా కూతురి చేతులు నా బుగ్గల మీద ఉంటే చాలు. ఆ తర్వాత ఏదైనా రానీ. నూకరాజుకి చెప్పలేదు. రేపు వాడికి లాంచీ డ్యూటీ ఉంది. నేను గాజు కిటికీ దగ్గర నిలబడి వీడియో తీసుకొస్తానని అనుకుంటున్నాడు.

ఫిల్టరు 8

జ్వరం ఉందో లేదో మీరే చూస్తున్నారు, గంట గంటకీ. దీన్ని ఆరోగ్యకేంద్రం వెనక ఒంటిగదిలో కూర్చుని రాస్తున్నాను. ఇప్పటివరకూ ఏమీ లేదన్నారు. ఇంకా కొన్నాళ్ళు ఆగితే గాని చెప్పలేమన్నారు. నూకరాజు కిటికీ అవతల నిలబడి తిట్టాల్సినవన్నీ తిట్టి, తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చాడు. రోజూ కారియర్ తెచ్చేది మాత్రం రూత్ టీచర్. చేపల పులుసు ఆవిడే వండుతుందట. బాగుంటుంది. నాకన్నా బాగా వండుతుంది. అది కూడా ఆవిడకే రావాలా? కుళ్ళు పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. కానీ గిన్నె ఖాళీ చేసే పంపిస్తున్నాను.

ఆ రోజు సంగతి రాస్తాను. ఈసారి ఎవరైనా చదివినా ఫరవాలేదు.

జలజ కుడిచెయ్యి నా ఎడమచేత్తో పట్టుకుని నడిపించుకుని వెళ్ళాను. ఎండ మండిపోతోంది, ఒకటే ఉక్కపోత. బడి గేటు దగ్గర అది కిటికీ వైపు తిరగబోతే ఆపి, నా చెయ్యి చూపించి “పట్టిందే” అన్నాను. గెంతుతుందనుకున్నాను. బిళ్ళ వంక చూసింది, నా కళ్ళలోకి చూసింది. చూశావా, ఆవిడ కూర్చోవడం లేదని దీనికి దిగులు అనుకున్నాను.

గాలితలుపు దగ్గర కాపలా ఆయన నా బిళ్ళ చూసి, నా గొంతు పోల్చుకుని, నవ్వి లోపలికి పంపేశాడు.

లోపల పీటల వరస. మా పీట మీద రూత్ టీచర్ అప్పటికే కూర్చుని ఉంది, మాస్కు లేకుండా. అన్నాళ్ళుగా నేను ఊహించుకున్న ముఖం అది కాదు. నడివయసు ముఖం. చుబుకం మీద పాత కాలిన మచ్చ, దానివల్లే కాబోలు మూతి ఎడమపక్కకి లాగుతుంది. నన్నూ నా చేతినీ చూడగానే ఆవిడ దిగ్గున లేచింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “పట్టిందాండీ?” అని నా చేతులు పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. తన కొంగుతో పీట దులిపి నన్ను కూర్చోబెట్టింది. నాకు సిగ్గేసింది. అయినా కూర్చున్నాను.

తల్లులందరూ మాస్కులు తీశారు. నేనూ ఒక పక్క కొక్కెం తీశాను. మాస్కు రెండో చెవికి వేలాడింది. బుగ్గలకి గాలి తగిలింది. పక్క పీటల దగ్గర పిల్లలు అప్పుడే అమ్మల పేర్లు పలుకుతున్నారు, గదంతా సందడి. జలజ నా ఎదురుగా నిలబడి ఉంది. దానికీ నాకూ మధ్య ఏ గాజూ లేదు. దాని పై పెదవి మీద చిన్న చెమట చుక్కలు కూడా కనపడుతున్నాయి. రావే, చెయ్యి పెట్టు అన్నాను.

అది కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. తర్వాత నోరు బిగించి, అదే చేత్తో ముక్కు గట్టిగా మూసుకుంది.

నా ముఖం దానికి నచ్చలేదనుకున్నాను. ఆరేళ్ళుగా మాస్కు పట్టీలు ఒరుసుకుని నా బుగ్గల మీద గాట్లు పడ్డాయి, రంగు కూడా రెండు రకాలుగా ఉంటుంది. అసహ్యించుకుందనుకున్నాను. బతిమాలాను. అది తల అడ్డంగా ఊపింది. బుగ్గలు ఉబ్బాయి, ముఖం కందగడ్డ అయింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అయినా ముక్కు వదల్లేదు. రూత్ టీచర్ పరిగెత్తుకొచ్చింది. ఏమైందమ్మా, ఊపిరి తియ్యమ్మా, నాతో చెప్పమ్మా అని ఎన్నివిధాల అడిగినా ఆవిడతో కూడా చెప్పలేదు.

అప్పుడు చూశాను దాని ముక్కు నీలంగా ఉండడం. వేళ్ళు నీలం. అరచెయ్యంతా నీలం. దారి పొడుగునా నేను పట్టుకుని నడిపించిన చెయ్యి అది. నా మణికట్టు చూసుకున్నాను. చెమటకి నీలిమందు కరిగి బిళ్ళ సగం తెల్లగా ఉంది.

దానికి తెలుసు. గేటు దగ్గరే తెలుసు. చెబితే నన్ను పట్టుకుపోతారని చెప్పలేదు. తన ఊపిరి తగిలితే నాకేమవుతుందో బడిలో దానికి నేర్పారు. గదినిండా అంతమంది పిల్లలు ఊపిరి తీస్తూనే ఉన్నారు, వాళ్ళని ఆపడం దానివల్ల కాదు. తనది ఆపుకోగలదు. ఆపుకుంది.

కొక్కెం చేతికి దొరకలేదు. ఒకసారి తప్పింది, రెండోసారీ తప్పింది. నా కూతురి కళ్ళు నా చెవి దగ్గర కొక్కెం మీదే ఉన్నాయి. చివరికి టక్కుమని పడింది. పట్టీ గట్టిగా లాగి బిగించుకున్నాను, ముక్కు మీద, చుబుకం కింద.

అప్పుడు ముక్కు వదిలింది. గది అంతా తిరిగి చూసేంత గట్టిగా ఊపిరి తీసుకుంది. వెక్కుతూ, దగ్గుతూ, నీలం అంటిన చెయ్యీ అంటని చెయ్యీ రెండూ నా మాస్కు మీద పెట్టి, “సత్యవేణి” అని పాఠం మొదలుపెట్టింది.